మరిది కర్ర, నా ముక్కు

ఆసుపత్రి జనరేటర్ చూసుకునేది మా మరిది. దాని డీజిల్ ట్యాంకు మా లాండ్రీ గది వెనక నేలలో పూడ్చి ఉంది. పొద్దున్నే మూత తీసి, గీతలున్న పొడవాటి కర్ర దించి, ఎంతవరకు తడిసిందో చూసి పుస్తకంలో రాయడం అతని పని. అక్కడ దుప్పట్లు ఉతికే ఆరుగురు ఆడవాళ్లలో నేనొకదాన్ని.

మూడు నెలలుగా బోరు నీళ్లలో నాకు డీజిల్ వాసన వస్తోంది. చెబితే మరిది నవ్వేవాడు.

"కారితే గీత తగ్గాలా వద్దా వదినా? వాడిన దానికంటే వెంట్రుకవాసి కూడా ఎక్కువ తగ్గలేదు. నీ ముక్కుకి జలుబు చేసుంటుంది."

"జలుబు చేస్తే వాసనే తెలీదు కదయ్యా. తెలుస్తోందనేగా నేను మొత్తుకునేది!"

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మా అదృష్టం కొద్దీ అయిదు నిమిషాల్లో కరెంటు తిరిగొచ్చింది, దాని వెనకే జనరేటర్ ఎందుకు ఆగిందో చూడ్డానికి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. కర్ర చివర ఏదో పసుపు ముద్ద పూసి ట్యాంకులోకి దించింది. పైకి తీస్తే అడుగున మూరెడు మేర ఎర్రబడింది.

"నీళ్లు తగిలితేనే ఇలా ఎర్రబడుతుందండీ. ట్యాంకు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. డీజిల్ బయటికి పోతున్నకొద్దీ నేలలో నీళ్లు లోపలికొచ్చాయి. అందుకే మీ గీతలో తేడా రాలేదు."

"అంటే నేను రోజూ కొలిచింది నీళ్లనా?" అన్నాడు మరిది.

"నయం, పాల వ్యాపారం పెట్టుకున్నావు కాదు," అన్నాను.

అందరం పడీపడీ నవ్వాం. ఇంజనీరమ్మాయి తర్వాతి మాటతో ఆ నవ్వు ఆగిపోయింది. డీజిల్ మా గది కిందికి పాకి ఉంటే గది కూలగొట్టి మట్టి తోడాలట. అప్పటిదాకా ఉతుకు పని బయటివాళ్లకి ఇస్తారట. 'అప్పటిదాకా' అంటే 'ఎప్పటికీ' అని మా ఆరుగురికీ తెలుసు.

బోరు మూసేశారు. మిగిలిన డీజిల్ తోడేసి, ట్యాంకును క్రేనుతో పైకి లేపారు. జల్లెడలా ఉంది. నల్లబడిన మట్టిని లారీలకెత్తుతూ తవ్వకం మేస్త్రి మా గోడ వైపు జరుగుతున్నాడు. ప్రతి గజానికీ ఇంజనీరమ్మాయి గాజు సీసాలో నీళ్లు పోసి, పిడికెడు మట్టి వేసి ఊపేది. పైన రంగురంగుల తెట్టు తేలితే ఇంకా తవ్వాలి. మూడు రోజులూ తేలింది. గోడకి ఇంక రెండు గజాలే ఉంది.

మరిది గొయ్యి అంచున నిలబడి అన్నం మాట మరిచాడు.

"తిను ముందు. కర్ర మోసం చేస్తే నీ తప్పేముంది?"

"కర్ర మోసం చేసింది, సరే. నీ మాట విననిది నేనే కదా వదినా," అన్నాడు. నేనే ముద్ద కలిపి చేతిలో పెట్టాను.

నాలుగో రోజు మేస్త్రి గొయ్యిలోంచి కేక పెట్టాడు. "అమ్మాయిగారూ, ఇక్కణ్ణుంచి జిగురు మట్టి! పార దిగడానికే ఏడుస్తోంది, ఇందులోకి డీజిల్ ఏం దూరుద్ది?"

ఇంజనీరమ్మాయి ఆ మట్టి వేసి సీసా ఊపింది. మట్టి అడుక్కి దిగేదాకా అందరం సీసా చుట్టూ మూగాం. పైన నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయి. ఆ మట్టిని ల్యాబుకి పంపితే, వారానికి వచ్చిన కాగితం కూడా అదే మాట చెప్పింది: గోడ పక్కన డీజిల్ లేదు. గది ఉంటుంది, పని మాదే.

గొయ్యి కొత్త మట్టితో పూడ్చి, మాకు ఊరి కుళాయి నీళ్లు కలిపారు. మొదటి విడత ఎవరి బట్టలు ఉతకాలని మేం ఒకరినొకరం అడగనే లేదు. తవ్వినవాళ్లవే. కట్టుకోను వేరే లేక మేస్త్రి ఆసుపత్రి రోగుల అంగీ తొడుక్కుని మా గుమ్మంలో కూర్చున్నాడు. అటుగా వచ్చిన కొత్త నర్సు అతన్ని చూసి మండిపడింది.

"ఏ వార్డయ్యా నీది? చెప్పకుండా లేచొచ్చేస్తావా? పద, పడుకుందువుగాని!"

"అమ్మా, నేను తవ్వకం..."

"జ్వరం తలకెక్కినట్టుంది," అంటూ ఆవిడ రెక్క పట్టుకుని నడిపించింది.

మాలో ఒక్కరైనా నోరు తెరిచి నిజం చెప్పాల్సింది. నవ్వు ఆగితేగా!