తొమ్మిదో అంతస్తు సూట్

మెట్లెక్కొద్దని డాక్టరు నోయెమీకి మరీ మరీ చెప్పింది. రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన బిడ్డ, ఏడో నెల. స్కానింగు కోసమని మొగుడు విల్ఫ్రిదో ఆమెను సిన్సెలెహో ఊరి నుంచి బార్రాంకియ నగరానికి తీసుకొచ్చి, తన హోటల్లోనే దింపాడు. తన హోటలంటే సొంతమేమీ కాదు. నీటి పంపులు అమ్ముతూ ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, ఎక్కడికెళ్లినా ఈ హోటలు కంపెనీ వాళ్ల దగ్గరే పడుకుని, తరచూ దిగేవాళ్లకిచ్చే వజ్రం కార్డు సంపాదించాడు మహానుభావుడు.

హోటలు మాత్రం మునుపటిలా లేదు. వచ్చీరాగానే చల్లటి కొరోసో పళ్లరసం చేతికిచ్చేవాళ్లు, ఇప్పుడు మంచినీళ్లు కూడా అడుక్కోవాలి. రెండు లిఫ్టుల్లో ఒకదానికి తాడు కట్టేశారు. పైన పటారం, లోన లొటారం.

కౌంటర్లో ఉన్న దయానిస్ అనే అమ్మాయి పాపం ముందే చెప్పింది, రెండో లిఫ్టు కూడా మొరాయిస్తోందనీ, కింద ఒక గది ఖాళీగా ఉందనీ. విల్ఫ్రిదోకి తల కొట్టేసినట్టయింది.

“కింద గదులు మామూలు వాళ్లకివ్వమ్మా. మాకు పైన తొమ్మిదో అంతస్తు సూట్ రావాలి,” అన్నాడు.

కింద గదే చాలని నోయెమీ అతని మోచెయ్యి పట్టుకుని చెప్పింది. వింటేగా! కాళ్లు వాచాయి, పైకెళ్లి నడుం వాల్చమని ఆమెను ఒక్కదాన్నే లిఫ్టెక్కించాడు. తను కౌంటరు దగ్గరే ఎందుకాగాడనుకున్నారు? పొద్దుటి ఫలహారం కూపను ఒక్కరికే ఇచ్చారట, భార్యకు కూడా ఇవ్వాలని తగువు పెట్టుకోవడానికి. వీధి చివర బండి మీద దొరికే అరెపా రొట్టె కోసం!

ఆ తగువు తెగకముందే లిఫ్టు నాలుగో అంతస్తు దాటి ఆగిపోయింది. లోపల్నుంచి గంట అదే పనిగా మోగింది. దయానిస్ ఫైరింజను వాళ్లకు ఫోను చేస్తుంటే విల్ఫ్రిదో మెట్లమీద పరుగెత్తాడు. నాలుగో అంతస్తులో తలుపు సందుకి చెవి ఆనించాడు.

“ఫ్యాను ఆగిపోయింది, విల్ఫ్రీ. ఊపిరాడట్లేదు.”

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. అంత భయంలోనూ చేతికి తోచింది మాత్రం వజ్రం సభ్యుల కోసం పెట్టిన నంబరే. కాసేపు పాట వినిపించింది. తర్వాత ఎవరో తియ్యగా, ఇన్నేళ్ల నమ్మకానికి ధన్యవాదాలని చెప్పి కార్డు నంబరడిగారు. అతను ఒక్కో అంకే చెప్పడం మొదలుపెట్టాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావ్?” లోపల్నుంచి అడిగింది.

“పెద్దాఫీసు వాళ్లతో. నాకు ప్రత్యేకంగా లైనుంది, వెంటనే...”

“అది పెట్టెయ్. నాతో మాట్లాడు. నొప్పొస్తోంది.”

ఫోను జేబులో పడేసి నేలమీద కూలబడ్డాడు. బిడ్డకి ఏం పేరు పెడదామన్నాడు, ఊయల ఏ కిటికీ పక్కన కడదామన్నాడు, మధ్యలో ఏడ్చేశాడు. బిడ్డ దక్కితే చాలు, ఈ ఊళ్లు తిరగడాలే మానేస్తానన్నాడు. అబద్ధం కాదు, ఆ క్షణాన మనసారానే అన్నాడు.  వింటున్నావా అంటూ తలుపు తట్టాడు.

“కదిలింది. గట్టిగా తన్నింది,” అంది చివరికి.

ఫైరింజను వాళ్లు గునపాలతో తలుపు తెరిచి ఆమెను చేతుల మీద దింపారు. ఒళ్లంతా చెమట. నొప్పి తగ్గిందిగానీ వెంటనే ఆస్పత్రిలో చూపించాలని అంబులెన్సును పిలిచారు. ఆమె కుర్చీలో కూర్చుని ఎవరికో ఫోను చేసింది. అంతలో మేనేజరు ముఖం పాలిపోయి పరుగెత్తుకొచ్చాడు. క్షమించమని వేడుకుని, జరిగినదానికి పరిహారంగా ఖాతాలో యాభై వేల పాయింట్లు వేస్తామనీ, వజ్రం హోదా పొడిగిస్తామనీ అన్నాడు.

విల్ఫ్రిదో చెయ్యి ఇంకా భార్య భుజం మీదే ఉంది. ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

“రెండేళ్లు పొడిగిస్తారా?”

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ఏం లాభం? నోయెమీ ఆ చేతిని భుజం మీంచి తీసేసింది.  అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే అతను సంచి పట్టుకుని వెనకే ఎక్కబోయాడు. ఆమె సంచి అందుకుంది.

“నువ్వొద్దు. మా పిన్ని ఆస్పత్రికి వస్తోంది,” అంది. “ఇదివరకు రెండుసార్లూ ఆవిడేగా వచ్చింది.”