మోరిస్ బండి నడిమి బోల్టు

ఇస్తారి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నస్పూర్ బొగ్గుబాయి వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. తనకు తెలియని బోల్టు ఈ భూమ్మీద లేదని ఆయన నమ్మకం. దేవుడి మీద కూడా అంత నమ్మకం లేదు. అలాంటివాడి చేతిలోనే ఫజలుద్దీన్ ఆఖరి కోరిక పడింది. ఖర్మ అంటే ఇదే మరి.

ఫజలుద్దీన్‌ది కరీంనగర్‌లో, ఇంటిని ఆనుకొనే, మెకానిక్ షెడ్డు. ఒకప్పుడు బొగ్గుబాయి జీపులు రిపేరుకు అక్కడికే వచ్చేవి, వాటి వెంట ఇస్తారి వచ్చేవాడు. అట్లా కుదిరిన దోస్తీ. ఫజలుద్దీన్‌కు ఇరవై ఆరేళ్లున్నప్పుడు మెట్‌పల్లిలో ఒక పసుపు వ్యాపారి కొట్టంలో, గడ్డి కింద, మోరిస్ టెన్ కారు కనబడింది. ఇంగ్లండులో పుట్టిన బండి, ఫజలుద్దీన్ కంటే వయసులో పెద్దది. లారీకి తాడు కట్టి లాగించుకొచ్చి షెడ్డు వెనక పెట్టుకున్నాడు. "జర తీరిక దొరకనీ, నడిపిస్త" అన్నాడు. ఆ తీరిక నలభై నాలుగేళ్లయినా దొరకలేదు. ఊరందరి లారీలూ ఆటోలూ బాగుచేసినవాడి సొంత బండి ఒక్కనాడూ నోరు తెరవలేదంటే నమ్ముతారా!

ఇప్పుడాయన రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంకో రెండు నెలలు గడవడం కష్టమని డాక్టర్లు ఆయన భార్య మహబూబ్‌బీకి చెప్పారు, ఆమె ఇస్తారికి చెప్పింది. ఫజలుద్దీన్‌కు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

"ఒక్కసారి దాని సప్పుడు వినాలె యార్," అన్నాడు, షెడ్డులో మంచం మీద పడుకొని. "ఎక్కి తిరుగుడేం వద్దు. చెవుల వడితె చాలు."

"గింతేనా? నేను లేనా?" అన్నాడు ఇస్తారి. "నెల రోజులల్ల వినిపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

మాటంటే మాట. రోజు విడిచి రోజు తానుండే మంచిర్యాలలో పొద్దటి బస్సెక్కి కరీంనగర్‌లో దిగేవాడు. ఇద్దరూ కలిసి ఇంజన్ విప్పారు. బిగుసుకుపోయిన పిస్టన్లను వారం రోజులు డీజిల్ పోసి నానబెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టి ఊడదీశారు. రింగులు కలకత్తా నుంచి తెప్పించారు. ఫజలుద్దీన్ మంచం మీదే కూర్చొని, గ్రైండింగ్ పేస్టు పెట్టి, ఎనిమిది వాల్వులనూ తన చేత్తోనే నూరాడు. రెండు నూరగానే ఆయాసం వచ్చేది. పడుకొని, లేచి, మూడోది అందుకునేవాడు. "నువ్వు పండు, నేను నూర్త" అంటే వినేవాడు కాదు. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు కూడా అన్నం కంటే ముందు ఇంజన్ సంగతే అడిగేవాడు. ఇన్నేళ్లలో ఈయన నన్ను కూడా ఇంత ప్రేమగా చూడలేదని మహబూబ్‌బీ ఎకసెక్కాలాడేది. ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

ఆ మంగళవారం ఫజలుద్దీన్ ఆసుపత్రికి పోయాడు. ఇస్తారి ఒక్కడే షెడ్డులో ఉన్నాడు. క్రాంక్ షాఫ్ట్ కూర్చోబెట్టే రోజది. పిస్టన్ల ఊపుకు గిర్రున తిరిగే కడ్డీ అదే. దాన్ని అడుగున మూడు ఇనుప క్యాపులు పట్టి ఉంచుతాయి, ఒక్కో క్యాపుకు రెండు బోల్టులు. దోస్తు వచ్చేసరికి అది బిగించి చూపెట్టాలని ఇస్తారి ఉబలాటం.

బొగ్గుబాయి వర్క్‌షాపులో ఒక రివాజు ఉంది. పాత రంధ్రంలో టాప్ ఆడించనిదే బోల్టు పెట్టరు. టాప్ అంటే రంధ్రం లోపల మరలు కోసే పనిముట్టు. బొగ్గుపొడి, తుప్పు ఎంత మంచి మరనైనా పూడ్చేస్తాయి కాబట్టి, ముందు టాప్ దించి శుభ్రం చేసి ఆ తర్వాతే బిగించాలి. అక్కడి పంపులు, బొగ్గు తొట్లు లాగే హాలేజీ మిషన్లు అన్నీ ఇంగ్లండువి, వాటి మరలన్నీ ఇంగ్లీషు అంగుళాల లెక్కవి. ఇదీ ఇంగ్లీషు బండే కదా! పైగా ఇంగ్లీషు పానా బోల్టు తల మీద అంటుకుపోయినట్టు కూర్చుంది. ఇంకేం కావాలి? ఇస్తారి తన సంచీలోంచి ఇంగ్లీషు టాప్ తీసి నడిమి క్యాపు రంధ్రంలో పెట్టాడు.

రెండు చుట్లు తిరిగి పట్టేసింది. చెయ్యి చెప్పింది, ఇది తుప్పు బిగువు కాదు అని. ముప్పై ఆరేళ్ల చెయ్యి అది, అబద్ధం చెప్పదు. కానీ చెయ్యి మాట ఎవడు విన్నాడు? "గడ్డి కింద పడున్న బండి, తుప్పుండదా?" అని తనకు తానే సర్దిచెప్పుకొని, నూనె పోసి, టాప్‌ను అడుగుదాకా దించాడు. పాత బోల్టు పక్కన పెట్టి, సంచీలోని ఇంగ్లీషు బోల్టు ఎక్కించాడు. అది మొరాయించింది. ఈయన తక్కువ తిన్నాడా, పానాకు గొట్టం తొడిగి బలం పెట్టాడు.

టక్కుమంది.

వెంట్రుకంత గీత, రంధ్రం దగ్గర మొదలై ఇంజన్ గోడ మీదుగా కిందికి పోయింది. పోత ఇనుము. పగిలితే పగిలినట్టే. ఇస్తారి పానా కింద పెట్టి అక్కడే కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఫజలుద్దీన్ ఆటో దిగి, గోడ పట్టుకొని నేరుగా ఇంజన్ దగ్గరికే వచ్చాడు. ఇస్తారి ఏమీ దాచలేదు. ఫజలుద్దీన్ ఆ గీత వెంబడి గోరుతో తడిమి చూశాడు.

"ఏం టాప్ వెట్టినవ్?"

"ఇంగ్లీషుదే. పానా గూడ మంచిగ కూసున్నది."

"అరే ఇస్తారీ! మోరిస్ బోల్టుకు తలకాయే ఇంగ్లీషుది. మర మిల్లీమీటర్ల లెక్క. ఫ్రెంచోళ్ల మిషన్ల మీద కోసిన మర అది. గీ బండి తమాషానే గది."

"మరి నాకు చెప్పద్దా?"

"నువ్వు అడగద్దా?"

ఇస్తారంతటివాడికి చెప్పేదేమిటని ఆయన, తనంతటివాడు అడిగేదేమిటని ఈయన. మూడు వారాలు పక్కపక్కనే కూర్చొని ఇద్దరూ ఆ ఒక్క మాటా ఎత్తలేదు. ఫజలుద్దీన్ తిట్టలేదు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిడితే ఎంత బాగుండు అనుకున్నాడు ఇస్తారి.

ఆ తర్వాత ఆయన తిరగని చోటు లేదు. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు, కరీంనగర్‌లో పేరున్న వెల్డర్ వెంకటిని తీసుకొచ్చి చూపెట్టాడు. "గీ జాగల అతుకు నిలువది మామా. స్టార్టయిన రెండు చక్కర్లకే షాఫ్ట్ ఊడివస్తది," అన్నాడు వెంకటి. హైదరాబాద్ పాత సామాన్ల బజార్లలో మూడు రోజులు తిరిగితే మోరిస్ తలుపు దొరికింది, లైటు దొరికింది, ఇంజన్ దొరకలేదు. రింగులు పంపిన కలకత్తా మనిషి ఫోన్లో ఆశపెట్టాడు. కాకపోతే నాలుగు నెలలు ఆగాలట. నాలుగు నెలలు! ఆ మాటకు ఇస్తారికి ఏడుపొచ్చింది. బస్టాండులో అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

పదిహేను రోజులకు మహబూబ్‌బీ ఫోన్ చేసింది. డయాలసిస్ శరీరం తట్టుకోవట్లేదని ఆపేశారు. ఇంటికి తెచ్చారు. ఇస్తారి పోయేసరికి ఫజలుద్దీన్ కళ్లు మూసుకొని ఉన్నాడు. మొహం ఉబ్బింది, మాట ఒకటి ఇటు ఒకటి అటు పోతోంది.

"పొద్దటిసంది గదే అడుగుతుండు, బండి స్టార్టయిందా అని," అంది మహబూబ్‌బీ. "అయిందని చెప్పన్నా. ఖుషీగ పోనీ."

"ఎట్ల చెప్పాలె చెల్లె?"

మిషన్ సంగతిలో ఇస్తారి ఏనాడూ అబద్ధం ఆడలేదు. అయినా వంగాడు. చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఫజలూ, స్టార్టయింది."

ఫజలుద్దీన్ కాసేపు చెవి ఒగ్గి ఉన్నాడు. "ఏదీ?" అన్నాడు. "వినవడ్తలే."

ఇస్తారి మహబూబ్‌బీ వైపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని తల తిప్పుకుంది. ఇక సిగ్గు విడిచాడు. పాత బండిని స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పినట్టు గొంతులో గుర్రుమనిపించి, మెల్లగా మొదలుపెట్టాడు. డుగు డుగు డుగు డుగు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, కళ్లలో నీళ్లు కారుతుండగా, దోస్తు చెవిలో ఇంజనై కొట్టుకున్నాడు. దుప్పటి మీద ఫజలుద్దీన్ వేలు ఆ వరసకు ఆడింది. కానీ బొగ్గు మింగిన ఊపిరితిత్తులు ఎంతసేపు సాగుతాయి? మధ్యలో దగ్గొచ్చి ఆగాడు, మళ్లీ అందుకున్నాడు, మళ్లీ ఆగాడు.

ఫజలుద్దీన్ కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"మిస్ కొడ్తుంది," అన్నాడు. "మూడో సిలిండర్. జర చూడు."

"చూస్త," అన్నాడు ఇస్తారి.

ఊపిరి కూడగట్టుకొని మొదటినుంచి ఎత్తుకున్నాడు. దగ్గొచ్చిన ప్రతిసారీ ఆపి మళ్లీ హ్యాండిల్ తిప్పాడు. ఒక్కసారీ నిమిషం పాటు సరిగ్గా నడవలేదు. ఎంతసేపు అట్లా కొట్టుకున్నాడో ఆయనకే తెలియదు. మహబూబ్‌బీ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇగ చాలన్నా," అంది. "వినెటోడు లేడు."