ఆగినా ఈలేసే ఫ్యాన్

"ఫ్యాన్ని ముట్టుకోనక్కర్లేదు. గుమ్మం బయట చెప్పులు విడుస్తూనే దాని రోగమేంటో చెప్పేస్తా" అనేవాడు ఫ్యాన్ డాక్టరు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. కొట్టు బోర్డు మీద 'మేం చెయ్యేస్తే ఇక మోగదు' అని రాయించాడు. ఆయన బాగుచేసిన ఫ్యాన్లు ఎంత నిశ్శబ్దమంటే, అసలు తిరుగుతున్నాయో లేదోనని జనం కింద కాగితం ముక్కలు ఎగరేసి చూసుకునేవారు.

ఓరోజు పక్కవీధిలో అత్తగారింటికి వెళ్ళాడు. చెప్పులు విడవకముందే మొహం గంభీరంగా పెట్టాడు.

"అత్తయ్యా, మీ ఫ్యాన్ ఈలేస్తోంది. బేరింగులు పోయాయి."

అత్తగారు అట్టముక్కతో విసురుకుంటూ తలెత్తింది. "కరెంటు పోయి పావుగంటయింది అల్లుడుగారూ."

ఇంకొకరైతే అక్కడే నీరుగారిపోయేవారు. ఆయన తొణకలేదు. "అదే నేననేది! ఆగిపోయాక కూడా ఈలేస్తోందంటే ఎంత ముదిరిందో చూడండి."

ఫ్యాన్ దింపి బేరింగులు మార్చాడు. ఈల పోలేదు. మళ్ళీ మార్చాడు. మూడోసారి మార్చి ఇంటికి బయల్దేరితే, ఈల కూడా ఆయనతోపాటే బయల్దేరింది. వీధి మలుపు తిరిగింది, మెట్లెక్కింది, వచ్చి మంచం మీద పక్కనే పడుకుంది.

ఎవరూ చూడకుండా చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాడు.

"ఈ మోత బయట లేదండీ, మీ చెవిలోనే" అందావిడ. "పూర్తిగా తీసేస్తానని మాటివ్వలేను. గది మరీ నిశ్శబ్దంగా ఉంటే ఇదే పెద్దగా వినబడుతుంది. పడుకునేప్పుడు పక్కన ఏదైనా సన్నటి చప్పుడు ఉంచుకోండి. మోతని తొక్కేసేంత గట్టిగా వద్దు, దానికి తోడున్నట్టుంటే చాలు. మెల్లమెల్లగా మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఫ్యాన్ చప్పుడైనా సరే. మీ ఫ్యాన్ చప్పుడు చేస్తుందా?"

ఇంత ఘోరమైన ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగుండలేదు. "చెయ్యదు" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"ఏం చేస్తుంటారు?"

"వ్యాపారం."

చెవి మోగే ఫ్యాన్ డాక్టరుకి ఫ్యాన్ ఎవరిస్తారు? కొట్టు మూసుకోవాల్సిందే. అందుకని భార్యకి కూడా చెప్పలేదు. కొట్లో మోటార్లకి తీగ చుట్టేది ఆవిడే. ఆవిడ పనిలో ఉండగా మధ్యాహ్నం ఇంటికొచ్చి, స్టూలెక్కి, ఫ్యాన్ రాడ్డు పైన బోర్లించినట్టుండే గిన్నెలాంటి కప్పు స్క్రూని రవ్వంత వదులు చేశాడు. కప్పు రాడ్డుకి తగిలి సన్నగా గరగరలాడింది. ఆ రాత్రి ఆయన చంటిపిల్లాడిలా నిద్రపోయాడు. ఆవిడకి కునుకు పట్టలేదు.

పొద్దున ఆవిడ బిగించింది. మధ్యాహ్నం ఆయన వదులు చేశాడు. అలా రోజూ. ఆవిడ కప్పు మార్చింది, రాడ్డు మార్చింది, రెక్కలు తూకం వేయించింది.

"ఏవండీ, మీ చెవితో ఓసారి విని చెప్పండి, ఏంటి దీని రోగం?"

ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. "ఇల్లే వంకరగా కట్టారు."

అత్తగారు చూడ్డానికొచ్చింది. "డాక్టరుగారి ఫ్యానే దగ్గుతోందే! ఆ బోర్డు దించి లోపల పెట్టుకోండమ్మా, ఊరికే ఎండకి రంగు పోతుంది."

ఆ మాట భార్యకి గుచ్చుకుంది. "రేపటికల్లా దీని అంతు తేలకపోతే బోర్డు నేనే దించేస్తా."

మర్నాడు మధ్యాహ్నం ఆయన అలవాటుగా స్టూలెక్కి స్క్రూ తిప్పాడు. అప్పుడు కనబడింది, స్క్రూ మీంచి కప్పు మీదికి గీసిన సన్నటి ఎర్రగీత. గోళ్ళరంగు. గీత రెండు ముక్కలైపోయి ఉంది. స్క్రూ కదిలిందో లేదో పట్టుకోవడానికి అలా గీత పెట్టమని ఆవిడకి నేర్పింది ఆయనే.

"ఏం చేస్తున్నారు?" వెనకనుంచి భార్య.

"బిగిస్తున్నా."

"ఎడమవైపు తిప్పితే బిగుస్తుందా?"

గది మధ్యలో స్టూలెక్కి నిలబడ్డవాడికి దాక్కునే చోటెక్కడిది? ఈల దగ్గర్నుంచి చెవుల డాక్టరు దాకా అంతా కక్కేశాడు.

ఆవిడ వచ్చి స్టూలు కదలకుండా పట్టుకుంది. "చెప్పుంటే నేనే మోగేట్టు చేసేదాన్ని కదండీ! ఇలా వదిలేస్తే కప్పు జారి రెక్కల మీద పడదూ? దిగండి. సన్న రబ్బరుముక్క పెడితే మీకు వినబడేంతే మోగుతుంది. నేను చెవుల్లో దూది పెట్టుకుంటా." అంతలో ఏదో తట్టి ఆగింది. "అవునూ... మరి మా అమ్మ ఫ్యాన్? మూడుసార్లు విప్పారు కదా, దానికేమైంది?"

గుమ్మం బయట ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఎవరివో ఆయన ఇక్కణ్ణుంచే గుర్తుపట్టాడు. ఈసారి మాత్రం తప్పులేదు.

"దానికేం కాలేదత్తయ్యా" అన్నాడు స్టూలు దిగకుండానే. "రోగం నాది, ఆపరేషన్లు దానికి."