రెండు పాయింట్ ఎనిమిది

ఉడికిన గుడ్డులో తెల్లసొన ఆయనకి, పచ్చసొన నాకు. అయిదు నెలలుగా మా ఇంట్లో ఇదే చట్టం. బలమంతా తెల్లసొనలోనే ఉంటుందని అత్తగారు ఎక్కడో విన్నారు. మిగిలినవి పారేయడానికి మనసొప్పక, పొయ్యి దగ్గరే నిలబడి మింగేసి, నేను పాఠాలు చెప్పే బడికి పరిగెత్తేదాన్ని.

ఆయన కడుపులో కణితి బయటపడ్డాక పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష. రిపోర్టులో ఆల్బుమిన్ అని ఒక వరుస. రక్తంలో ఉండే ప్రొటీన్ అది, మూడున్నరకి తగ్గకూడదట. అత్తగారికి మిగతా వరుసలతో పనిలేదు. పిండికొద్దీ రొట్టె అన్నట్టు, వంటకొద్దీ రక్తం అని ఆవిడ లెక్క. కళ్లజోడు పెట్టుకుని ఆ ఒక్క అంకె చూసి నాకు మార్కులు వేసేవారు. మూడు పాయింట్ నాలుగు వచ్చినప్పుడు, బడి తొందరలో ఏదో ఉడికీ ఉడకకుండా పెట్టి ఉంటానన్నారు. మూడు పాయింట్ ఒకటికి ఆడపడుచు ఫోన్ చేసి, అన్నయ్యకైనా కాస్త మనసుపెట్టి వండు వదినా అంది. బడికి సెలవు పెట్టేశాను. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, నేనూ నమ్మాను. కవరు విప్పగానే నేనూ ముందు ఆ అంకెకోసమే వెతికేదాన్ని.

నిన్న రెండు పాయింట్ ఎనిమిది. ఆయన మందుల కోసం ఆగితే, నేనొక్కదాన్నే డాక్టరమ్మ గదిలోకి వెళ్లి ఇంకేం పెట్టమంటారని అడిగాను. ఆవిడ కలం కింద పెట్టింది.

"మీ వంటలో లోపం లేదమ్మా. జబ్బు ముదిరేకొద్దీ ఇది పడిపోతుంది, తిండితో ఆగదు. జబ్బు ఎటు పోతోందో, ఎంత వ్యవధి ఉందో తెలిపే గుర్తుల్లో ఇదొకటి. మొదట్లోనే ఆయనకి చెప్పానే?"

బస్సులో ఆయన్ని అడిగాను. తెలుసన్నారు.

"నీ వంటవల్లే అనుకుంటే అమ్మకి ఆశ ఉంటుంది. నువ్వెలాగూ ఓర్చుకుంటావు కదా."

ఆయన పోతారన్న దుఃఖం, ఆ మాట తెప్పించిన కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆయన చెయ్యి పట్టుకోబోయి మానేశాను. పన్నెండేళ్ల కాపురంలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

పొద్దున అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ వంటింట్లోకొచ్చి, ఈసారి ఎంతొచ్చిందన్నారు. చెప్పొద్దన్నట్టు ఆయన గుమ్మంలోంచి నాకేసి చూశారు. గుడ్లు ఒలవడం ఆపి, చేతులు కడుక్కుని, రిపోర్టు తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాను.

"ఇవి నా మార్కులు కావత్తయ్యా. అవేమిటో మీ అబ్బాయికి ముందునుంచీ తెలుసు. ఆయన్నే చెప్పమనండి."

ఆయన కుర్చీ లాగి, "అమ్మా, ఇలా కూర్చో" అన్నారు.

సొనలు వేరు చేయకుండా గుడ్డుని నిలువునా రెండుగా కోశాను. ఒక సగం ఆయన పళ్లెంలో వేసి, రెండో సగం నా పళ్లెంలో పెట్టుకుని, నేనూ కూర్చున్నాను.