కుడిచేతి గ్లౌజు

నేను ఒక తోలు గ్లౌజును. సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లు బంతి పట్టడానికి చేతికి తొడుక్కుంటారే, అదే. నా మీద కంపెనీ పేరు లేదు. ఉరవకొండలో చెప్పులు కుట్టే ముత్యాలప్ప చేతిలో పుట్టాను. తంగేడు చెక్కలో నానబెట్టి పదును చేసిన ఎద్దుతోలు, లోపల పాత కంబళి ముక్కలు. ఇంతే నా ఒళ్లు.

ముత్యాలప్ప కూతురు మారెక్క అప్పుడు ఎనిమిదో తరగతి. బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు సారు ఒక బ్యాటూ ఒక బంతీ తెచ్చి ఆడపిల్లలకు ఆట నేర్పాడు. గ్లౌజులు లేవు. బంతి బత్తాయికాయ కన్నా పెద్దది, రాయంత గట్టిది. ఉత్తచేతులతో పట్టి పట్టి పిల్లల అరచేతులు వాచిపోయేవి.

ముత్యాలప్ప కూతురి చేయి చూశాడు. మాటలు తక్కువ మనిషి. తెల్లారి ఒక అట్టముక్క నేల మీద పరిచాడు.

"చేయి పెట్టు మే," అన్నాడు.

చెప్పులకైతే పాదం పెట్టించి చుట్టూ బొగ్గుతో గీత గీస్తాడు. చేతికీ అదే పద్ధతి. మారెక్క చేయి పెట్టింది. కుడిచేయి. కన్నతండ్రి అడిగితే ఎడమచేయి చాపే పిల్ల ఎవరుంటారు? పెరిగే చేయి గదా అని కాస్త వదులు పెట్టి, ఆ గీత వెంబడే నన్ను కత్తిరించాడు. ఎవరో పెద్దమనిషి చెప్పులకని దాచిన తోలు. ఎనిమిది రోజులు ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టాడు.

డ్రిల్లు సారు నన్ను తిప్పి తిప్పి చూశాడు.

"కుట్టు బాగుంది పాపా. కానీ విసిరే చేయి ఖాళీగా ఉండాల. ఇది కుడిచేతికి తొడుక్కుంటే ఇంక దేంతో విసురుతావు?"

పిల్లలు నవ్వారు. మారెక్క నన్ను గుండెకు అదుముకుంది.

"ఎడమచేత్తో విసురుతా సార్."

"మీ నాయనకు చెప్తే ఇంకోటి కుట్టడా?"

"చెప్పను సార్. మీరూ చెప్పొద్దండి."

ఇక బడి వెనక మొండిగోడకు ఎడమచేత్తో బంతి విసరడమే పని. మొదట్లో గోడకు తప్ప అన్నిటికీ తగిలింది. ఒకసారి హెడ్‌మాస్టరు సైకిలు గంటకు తగిలి, ఆయన ఎవరో పిలిచారని బయటికొచ్చాడు. "ఏమే పుర్రచేయి మారెక్కా" అని తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు. మనుషులకున్నవి రెండు చేతులు. అందులో ఒకదాన్ని మంచిదంటారు, ఇంకోదాన్ని చెడ్డదంటారు. పని పడితే రెండూ కావాలి.

ఏడాదికి ఆ చేయి దారికొచ్చింది. బంతి కొట్టినవాళ్లు ముందుగా పరుగెత్తి చేరే చోటును మొదటి బేసు అంటారు; అక్కడ కాపలాకు ఎడమచేతివాళ్లకు వాటం ఎక్కువ. అక్కడ నిలబడి జిల్లా జట్టుకు ఆడింది, యూనివర్సిటీకి ఆడింది. చివరికి అనంతపురంలో ఒక ఆడపిల్లల కాలేజీకి కోచ్ అయింది. ప్రతిచోటా కుడిచేతికి నేనే.

ఏటా కాలేజీ పత్రికలో కోచ్ గురించి రాయడానికి తెలుగు లెక్చరరు వచ్చేవాడు.

"మేడం, మీకు పుట్టుకతోనే ఎడమచేతి వాటమా?"

"అవును సార్."

అబద్ధం. ఉన్నమాట చెబితే తండ్రి పని నవ్వులపాలవుతుంది. ఆ మాట ఆయన చెవిన పడకుండా ఇరవై ఏళ్లు కాచింది. ఒక్క ఆటకూ ఆయన్ను పిలవలేదు.

పోయిన మాఘంలో ఆయనే బస్సెక్కి వచ్చాడు. మ్యాచ్‌కు ముందు మారెక్క పిల్లలకు బంతులు పట్టిస్తోంది. లెక్చరరు ఆయనకు కుర్చీ వేశాడు.

"మీ అమ్మాయిది పుట్టుకతోనే ఎడమచేతి వాటమంట గదా పెద్దాయనా?"

"లేదప్పా. మా పాప కుడిచేత్తోనే తింటాది, కుడిచేత్తోనే రాస్తాది."

అని మైదానం వైపు చూశాడు. తొమ్మిదిమంది పిల్లలు. తొమ్మిది గ్లౌజులూ ఎడమచేతులకే. కూతురి కుడిచేతికి నేను. ఆట అయ్యేదాకా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

పిల్లలంతా వెళ్లాక అడిగాడు.

"తప్పు కుట్టినానా మే?"

"చేయి పెట్టమంటే కుడిచేయి పెట్టింది నేనే గదా నాయనా."

"యాల చెప్పలేదు?"

"ఎనిమిది రోజులు కుట్టినావు. ఎట్ల చెప్పేది?"

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని వేళ్ల సందులు నొక్కి చూశాడు. ఒక్క కుట్టూ ఊడలేదు.

"అట్ట తీసుకురా. ఈ తూరి ఆ చేయి పెట్టు."

మారెక్క ఎడమచేయి చాపింది. చాపడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన వేలు వేలుకూ ఆగి బొగ్గుతో గీత గీశాడు.

రెండు నెలలకు కొత్త గ్లౌజు పట్టుకుని మళ్లీ వచ్చాడు. మారెక్క తొడుక్కుని కుడిచేత్తో బంతి విసిరింది. అది పోయి నీళ్ల డ్రమ్ములో పడింది. పిల్లలు పగలబడి నవ్వారు. ముత్యాలప్ప కూడా నవ్వాడు. నేను పుట్టాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

"నీకు అదే సరిపోతాది లేమ్మే," అన్నాడు నన్ను చూపించి.

కొత్తది పిల్లల పాలయింది. ఈ ఏడు లెక్చరరు వచ్చినప్పుడు మారెక్క ముందే చెప్పింది: "రాసుకోండి సార్. కుడిచేయి పుట్టుకతో వచ్చింది. ఎడమచేయి మా నాయన కుట్టిచ్చినాడు."

ఆ పత్రిక మడిచి నాలోనే దాచింది. ఆటసామాన్ల బీరువాలో ఉంటాం. నా తోలు ఎండింది, కంబళి ముక్కలు అణిగిపోయాయి. సాయంత్రం నాలుగు కొట్టగానే తలుపు తెరుచుకుంటుంది. కుడిచేయి లోపలికొస్తుంది.