ఇరవై నాలుగు దాటని తేదీ ముద్ర

నియమాలను ముందుగా, స్పష్టంగా రాసుకుంటే మనుషుల మధ్య తగాదాలు రావని చదువుకున్నవారిలో ఒక నమ్మకం ఉంది. నేను ఒక తేదీ ముద్రను. ఆఫీసుల్లో డేట్ స్టాంపు అంటారు. ఆ నమ్మకాన్ని దగ్గరనుంచి పరిశీలించే అవకాశం నాకు కాకినాడలో, ఒక డాబా మీది గదిలో లభించింది.

ఇనుప చట్రంలో తిరిగే మూడు రబ్బరు పట్టీలే నా శరీరం. ఒకదాని మీద తేదీలు, ఒకదాని మీద నెలలు, మూడోదాని మీద సంవత్సరాలు. నన్ను తయారుచేసినవాడు మూడో పట్టీ మీద 2013 నుంచి 2024 దాకా అచ్చుపోసి ఆపేశాడు. కాలం అక్కడితో ముగుస్తుందని అతడు భావించాడనడానికి ఆధారం లేదు. పట్టీ మీద చోటు అయిపోయింది.

మొదట ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా చెరుకువాడ భీమశంకరంగారి చేతికి వచ్చాను. అవసరాన్ని బట్టి సోమవారం అందిన అర్జీ శుక్రవారం అందినట్టు ఆయన నాచేత చెప్పించేవారు. నేను చెప్పాక క్యాలెండరు చూసినవారు లేరు. ఆ కార్యాలయానికి కంప్యూటరు వచ్చాక, పదవీ విరమణనాడు నన్ను అన్నం క్యారియరు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

2022లో ఆయన, ఆయన చెల్లెలి భర్తా రిటైరైన లెక్కల లెక్చరరూ అయిన పాలపర్తి వెంకటరత్నంగారు, పక్కవీధిలోని మాజీ హెడ్‌మిస్ట్రెస్ సుగుణమ్మగారు కలిసి ఒక ఊహా లీగు స్థాపించారు. విదేశీ బేస్‌బాల్ ఆటగాళ్లను కాగితం మీద జట్లుగా పంచుకోవాలి. వాళ్లు అక్కడ ఆడినదాన్ని బట్టి ఇక్కడ మార్కులు వేసుకోవాలి. క్రికెట్ అయితే ఎవరి అభిమానాలు వారికుంటాయి. బేస్‌బాల్ ఎలా ఆడతారో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు కనుక నిష్పాక్షికత సాధ్యమని వెంకటరత్నంగారు నిరూపించారు.

నిబంధనలు ఇరవై రెండు. అయిదో నిబంధన ప్రకారం ఒక ఆటగాణ్ణి మూడేళ్లకు మించకుండా అట్టిపెట్టుకోవచ్చు. తరువాత వదిలేయాలి, అప్పుడు ఆఖరి స్థానంలో ఉన్నవారు ముందుగా ఎంచుకుంటారు. గడువుల విషయంలో బావగారి అలవాట్లు తెలిసిన వెంకటరత్నంగారు పట్టుబట్టి ఆరోది రాయించారు: ముద్ర చూపిన తేదీయే తేదీ. నన్ను సుగుణమ్మగారి బీరువాలో ఉంచారు. పదకొండో నిబంధన: ఏ మార్పుకైనా ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి.

భీమశంకరంగారికి హార్బెక్ అనే ఆటగాడు దక్కాడు. బడిలోనూ ప్రమోషన్లలోనూ అందరికన్నా వెనకే ఉంటూ వచ్చిన మనిషి, హార్బెక్ పుణ్యమా అని మూడేళ్లు వరుసగా రెండో స్థానంలో నిలిచారు. ఆఖరి స్థానం లెక్చరరుగారిది. 2025 మార్చిలో హార్బెక్ చేతులు మారాలి.

ఆ ఉదయం భీమశంకరంగారి డాబా మీది గదిలో, ఆటగాళ్ల జాబితా మీద ముద్ర వెయ్యడానికి సుగుణమ్మగారు నన్ను చేతిసంచిలోంచి తీసి సంవత్సరం చక్రం తిప్పారు. ఆగి, కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇందులో పాతిక లేదండీ. ఇరవై నాలుగే ఆఖరు."

"అయితే ఇరవై నాలుగే వెయ్యండి టీచరుగారూ," అన్నారు భీమశంకరంగారు. "హార్బెక్‌కి ఇంకో ఏడాది ఉందన్నమాట."

"అదేంటి బావగారూ, పొద్దున్న పేపరు చూశారు కదా. అందులో ఏ ఏడాది వేశాడు?"

"పేపరుకి మన లీగులో సభ్యత్వం లేదండి. ఆరో నిబంధన రాయించింది తమరే."

"సరే, కొత్త స్టాంపు కొనుక్కొస్తాను."

"తెండి. ఇవాళ నోటీసిస్తే వచ్చే ఏడాది మార్చుకుందాం."

"వచ్చే ఏడాది దీంట్లో ఎలా వస్తుందండీ?"

"అది నా చేతిలో లేదు కదండి."

సుగుణమ్మగారు చక్రం ఇంకో మెట్టు తిప్పారు. "ముందుకి తిప్పితే పదమూడు వస్తోంది. అప్పటికి మీ హార్బెక్ ఎనిమిదో తరగతి."

"అప్పటికి మా బావగారు ఉద్యోగంలోనే ఉన్నారండి," అన్నారు వెంకటరత్నంగారు. "ఈ మీటింగుకి సెలవు పెట్టాలి."

సుగుణమ్మగారు నన్ను బల్ల మీద పెట్టారు. "ఒకటి అడుగుతాను. ఆ అబ్బాయి ఆట ఒక్కసారైనా చూశారా?"

"లేదండి."

"ఏం చేస్తాడో తెలుసా, విసురుతాడా, కొడతాడా?"

"తెలీదండి," అన్నారు భీమశంకరంగారు, నా పిడి మీద చెయ్యి వేసి. "కానీ నేను ఇదివరకెప్పుడూ రెండోవాణ్ణి కాలేదు టీచరుగారూ."

వెంకటరత్నంగారు తన కాగితాలు దొంతి పెట్టుకుని లేచారు. "ఉంచుకోండి బావగారూ," అని మెట్లు దిగిపోయారు. రాజీనామాకు తేదీ అవసరమని ఇరవై రెండు నిబంధనల్లో ఎక్కడా లేదు. వారం తరువాత సుగుణమ్మగారు తన రాజీనామాను కూడా నాతోపాటు భీమశంకరంగారికి అప్పగించారు.

ఆ సీజను ముగిశాక భీమశంకరంగారు రిజిస్టరు తెరిచి, పేజీ తలపై నన్ను అద్ది, కింద ఇలా రాశారు.

వివాదాలు: లేవు.
సభ్యులు: ఒకరు.
మొదటి స్థానం: చెరుకువాడ భీమశంకరం.
ఆఖరి స్థానం: చెరుకువాడ భీమశంకరం.
అట్టిపెట్టుకున్న ఆటగాడు: హార్బెక్.