పదహారు మీద తీసిన ఫొటోలు

కృపాజ్యోతికి నలభై ఒక్కేళ్లు. పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తగానే, చాయ్ కూడా తాగకముందే, పాత లెన్సును చీర చెంగుతో తుడుస్తుంది.

ఆ లెన్సు వాళ్ల నాన్న ఆనంద్ పాల్‌ది. రీలు కెమెరాలు మూలపడ్డాక ఆమె డిజిటల్ కెమెరా కొని, మధ్యలో సన్నటి రింగొకటి పెట్టి దాన్నే బిగించింది. కొత్త లెన్సయితే తనంతట తనే మనిషిని పట్టుకుని కీచుమంటుంది. ఇది అనదు. చేత్తో తిప్పుకోవాలి, కంటితో తేల్చుకోవాలి. ఒంటి మీద అడుగుల అంకెలుంటాయి: మూడు, ఐదు, ఎనిమిది, పదిహేను, ముప్ఫై. ఆఖర్న పడుకోబెట్టిన ఎనిమిది, అంటే అంతులేని దూరం.

అబిడ్స్ పోస్టాఫీసు వెనక గల్లీలో అందరికీ తెలిసిన సంగతే: కుర్చీ ఎనిమిది అడుగుల దూరంలోనే ఉన్నా ఆ లెన్సుకు అది పట్టదు. కూర్చున్న మనిషి నిజంగా ఎక్కడున్నాడో ఆ అంకె దగ్గరే స్పష్టంగా తేలతాడు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చినట్టే ఇదీ. ఎవరూ వింతపడరు.

స్టూడియోకు ఎక్కువగా వచ్చేది పెన్షన్ జంటలు. రిటైరయ్యే గుమాస్తా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తీయించిన ఫొటో కాగితాలకు అంటించాలి. ఇద్దరి మొహాలూ తేటగా ఉండాలి, లేకపోతే ఆఫీసువాళ్లు వాపసు పంపిస్తారు.

ఆ రోజు నాంపల్లి నుంచి వామన్‌రావు, విద్యావతి వచ్చారు. భుజాలు ఆనించి కూర్చున్నారు. ఆయన ఎనిమిది అడుగుల దగ్గర తేలాడు. ఆమె తేలలేదు.

"ఎంత మీద ఉన్న బిడ్డా?" అంది విద్యావతి.

"ముప్ఫై, అమ్మా."

"మా పిల్ల పెండ్లి ఫొటోల పదిహేనే ఉంటి." నవ్వింది.

"ఏందే మీ లెక్కలు? జల్ది కానియ్యున్రి, ఆఫీసు బందైతది," అన్నాడు వామన్‌రావు.

"గీయనకు చెప్పినా ఎక్కదు బిడ్డా. నేను వంటింట్ల ఉన్న అనుకుంటడు."

కృపాజ్యోతి లైట్లు పెంచి, లెన్సు రెండో రింగును పదహారు దగ్గరికి తిప్పింది. అక్కడ లెన్సు కన్ను సూదిబెజ్జమంత ముడుచుకుంటుంది. దగ్గరివాళ్లూ దూరంవాళ్లూ ఒకేలా తేటపడతారు. నాన్న నేర్పిన పని. ఈ ఊళ్లో ఎన్ని కాపురాలు ఆ పదహారు మీద నిలబడ్డాయో రాసిపెట్టినవాళ్లు లేరు.

కృపాజ్యోతి మొగుడు డెన్నిస్ 2004లో ఖైరతాబాద్‌లో ఇంకో ఆమెతో ఇల్లు పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత ఒక సంచితో తిరిగొచ్చాడు. అదే నెలలో చర్చివాళ్లు జూబ్లీ పుస్తకం వేస్తున్నారు, ఇంటికో పేజీ, పేజీకో జంట. పాస్టరు భార్య డోరా అతన్ని వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చింది.

"వచ్చిండు గదనే. మోకాళ్ల మీద పడి ఏడ్సిండు. ఇంకేంగావాలె నీకు? పుస్తకంల ఇద్దరు కలిసి పడితె అందరి నోర్లు మూతపడతయ్."

"లెన్సును అడుగుదాం పాస్టరమ్మా. దగ్గరున్నడంటే ఇంట్లకు రానిస్త."

డెన్నిస్ తలూపి కుర్చీలో కూర్చున్నాడు. కృపాజ్యోతి దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చింది. పడుకోబెట్టిన ఎనిమిది దగ్గర లేడు. ముప్ఫై దగ్గర లేడు. పదిహేను దగ్గరా లేడు. ఎనిమిది దగ్గర మొత్తంగా తేలాడు: మీసంలో నెరుపు, చొక్కా కాలరుకు కుట్టిన కుట్టు, కంట్లో తడి. నాలుగేళ్లు ఆ అంకె కోసమే చూసింది. ఇప్పుడు చూసింది. ఏమీ అనిపించలేదు.

"ఎనిమిది," అంది.

"దేవునికి స్తోత్రం! ఇగ నువ్వు కూసో."

ఆమె కూర్చుంది. డెన్నిస్ లేచి వెళ్లి కెమెరా వెనక నిలబడి రింగు తిప్పాడు. పదిహేను, ముప్ఫై, పడుకోబెట్టిన ఎనిమిది. పాతబడి అరిగింది కాబట్టి రింగు ఆ గుర్తు దాటి కూడా కొంత తిరుగుతుంది. అదీ తిప్పాడు. టక్కుమని ఆగింది.

"ఏడున్నవ్ జ్యోతీ?"

"కనబడ్తలేనా?"

"పొగ లెక్క ఉన్నవ్."

అతని నుంచి తను ఏ రోజు అంత దూరం వెళ్లిపోయిందో ఆమెకే తెలియదు. మొదటి రెండు క్రిస్మస్‌లకు అతని కొలతలతో చొక్కా కుట్టించి బీరువాలో పెట్టింది. మూడో క్రిస్మస్‌కు గుర్తే రాలేదు. అప్పుడై ఉంటుంది.

డెన్నిస్ కెమెరా వెనక నుంచి తలెత్తాడు. "పదహారు పెడదమే. అందరికి అదే పెడ్తవ్ గద."

"ఔ, పెట్టరాదె. ఎవరికి తెలుస్తది?" అంది పాస్టరమ్మ.

"ఇన్నేండ్లు ఎవరికీ తెల్వకుండనే పెట్టిన పాస్టరమ్మా. పెట్టినప్పుడల్లా ముప్ఫై అడుగుల అవతల ఒక ఆడమనిషి ఉండె. నాకు వద్దు. ఇట్లనే తియ్యున్రి."

రింగును మళ్లీ ఎనిమిదికి తిప్పి, టైమర్ పెట్టి అతను వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఫొటో పడింది. జూబ్లీ పుస్తకంలో డెన్నిస్ మీసం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. పక్కన నీలం చీర రంగు పొగ. కింద ఇద్దరి పేర్లూ అచ్చేశారు. డెన్నిస్ ఆ సాయంత్రమే సంచి తీసుకుని వెళ్లిపోయాడు. గల్లీ మలుపు దాకా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ తర్వాత కృపాజ్యోతి ఎవరికీ పదహారు పెట్టలేదు. పెన్షన్ జంటలు వేరే స్టూడియోలు వెతుక్కున్నాయి. ఫొటో ఇంకో కాపీ కావాలని విద్యావతి మాత్రం ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. కృపాజ్యోతి ఆమెను కెమెరా వెనక నిలబెట్టి, తను వెళ్లి కుర్చీలో కూర్చుంది. పక్కన ఎవరూ లేరు.

విద్యావతి రింగును మెల్లగా దగ్గరి అంకెల వైపు చివరిదాకా తిప్పింది.

"మూడు, బిడ్డా," అంది. ఫొటో తీశాక, "ఇగ నేను కూసుంట, నన్ను సూడు," అంది.

విద్యావతి మూడు మీద తీసిన ఆ ఫొటో అంటించి 2009 మార్చిలో కృపాజ్యోతి విడాకుల అర్జీ వేసింది.